యూనిట్ 9: గృహ శిశు సంరక్షణ కేంద్రంలో పసిపిల్లల ఆహారం – తల్లిదండ్రులతో వ్యవహరించే తీరు

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 శిశువును చేర్చుకునే ముందు
9.3 ఆరు నెలలు నిండని శిశువులు
9.4 ఆరు నెలలు దాటిన శిశువులు
9.5 ఆకలిని, తృప్తిని గుర్తించడం
9.6 తల్లిదండ్రులతో వ్యవహరించే తీరు
9.7 అనారోగ్యం, అత్యవసర పరిస్థితి
9.8 సారాంశం
9.9 ముఖ్య పదాలు
9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• పిండిన తల్లిపాలను, డబ్బా పాలను సురక్షితంగా నిల్వ చేసి పట్టే పద్ధతిని వివరించగలుగుతారు.
• ఆరు నెలల నుంచి రెండు సంవత్సరాల వరకు శిశువుకు ఎంత, ఎలాంటి అనుబంధ ఆహారం ఇవ్వాలో చెప్పగలుగుతారు.
• ఆహారం విషయంలో తల్లిదండ్రులతో వచ్చే భేదాభిప్రాయాలను వర్గీకరించి, పరిష్కరించగలుగుతారు.
• రోజువారీ ఆహార పుస్తకాన్ని నిర్వహించగలుగుతారు.

9.1 పరిచయం

గత యూనిట్‌లో శిశువుల నిద్ర, ఆట, పరిశుభ్రత గురించి తెలుసుకున్నారు. ఈ యూనిట్‌లో ఆహారం గురించి తెలుసుకుందాం. ఇంటి దగ్గర ముగ్గురు నలుగురు పసిపిల్లలను పగటిపూట చూసుకునే ఏర్పాటును గృహ శిశు సంరక్షణ కేంద్రం అంటారు. వాడుకలో దీన్నే డే కేర్ అంటున్నారు.

కడప జిల్లాలోని ఎర్రగుంట్లను ఉదాహరణగా తీసుకుందాం. ఇది రైల్వే జంక్షన్. నంద్యాల వైపు వెళ్లే లైను ఇక్కడే చీలుతుంది. చిలంకూరులోను, చుట్టుపక్కల ప్రాంతాల్లోను సిమెంటు కర్మాగారాలున్నాయి. నాపరాతి గనులు, పాలిషు యూనిట్లు ఉన్నాయి. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం సమీపంలోనే ఉంది. ఇలాంటి ఊళ్లకు ఉద్యోగాల కోసం వేరే ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాల్లో పసిబిడ్డను చూసుకోవడానికి అవ్వ, తాత దగ్గర ఉండరు. ఉన్న ఊరి కుటుంబాల్లో కూడా అవ్వే కూలికి పోవలసి రావచ్చు. అప్పుడు పక్కింటి అక్కకో, తెలిసిన పెద్దమ్మకో బిడ్డను అప్పగించి తల్లి పనికి వెళుతుంది.

బిడ్డ ఏ వయస్సులో మీ దగ్గరకు వస్తుంది? 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. అందులో 8 వారాల వరకు ప్రసవానికి ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్న తల్లి తిరిగి పనిలో చేరేనాటికి బిడ్డకు 18 వారాలు, అంటే నాలుగు నెలలు మాత్రమే నిండుతాయి. ప్రసవానికి ముందు సెలవు తీసుకోని తల్లి బిడ్డకు సరిగ్గా ఆరు నెలలు నిండుతాయి. అది ఘనాహారం మొదలుపెట్టవలసిన వయస్సు. రోజు కూలికి, ఇళ్లలో పనికి వెళ్లే తల్లులకు ఈ సెలవు అందదు. వారి బిడ్డలు రెండు మూడు నెలలకే రావచ్చు. అంటే శిశువు ఆహారంలో అన్నిటికంటే సున్నితమైన దశ మీ చేతుల మీదుగా నడుస్తుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇంట్లో బిడ్డకు ఏం పెట్టారో తల్లికి తెలుసు. పగలు ఏం పెట్టారో మీకు మాత్రమే తెలుసు. బిడ్డ నోరు తెరిచి చెప్పలేదు. కాబట్టి మీరు పెట్టే ఆహారం ఎంత ముఖ్యమో, దాని గురించి మీరు తల్లికి చెప్పే నిజం కూడా అంతే ముఖ్యం. ఈ యూనిట్ అంతటికీ ఇదే ఆధారం.

9.2 శిశువును చేర్చుకునే ముందు

రుసుము, వేళలు మాట్లాడుకున్నంత వివరంగా ఆహారం గురించి మాట్లాడుకోవడం అరుదు. తరువాత వచ్చే తగాదాల్లో చాలా వాటికి మూలం ఇదే. చేర్చుకునే రోజుకు ముందే తల్లిదండ్రులతో కూర్చుని కింది విషయాలు తెలుసుకుని రాసుకోండి.

1. బిడ్డ ప్రస్తుతం తాగుతున్న పాలు ఏవి? తల్లిపాలా, డబ్బా పాలా, రెండూనా?
2. ఎన్ని గంటలకు ఒకసారి, ఎంత తాగుతుంది? గ్లాసుతోనా, చెంచాతోనా, సీసాతోనా?
3. ఇప్పటివరకు ఇంట్లో ఏ ఏ ఆహారాలు రుచి చూపించారు? దేనివల్లనైనా దద్దుర్లు, వాంతులు వచ్చాయా?
4. కుటుంబ ఆచారం ప్రకారం పెట్టకూడనివి ఏమిటి? గుడ్డు, మాంసం సంగతి ఏమిటి?
5. బిడ్డకు చూపించే డాక్టరు ఎవరు? అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలి? తల్లి ఫోన్ ఎత్తకపోతే రెండో నంబరు ఏది?
6. తల్లి పనిచేసే చోటు దగ్గరైతే మధ్యలో వచ్చి పాలివ్వగలదా?

ఆరో ప్రశ్నను తప్పక అడగండి. చట్టం వర్తించే సంస్థల్లో బిడ్డకు 15 నెలలు నిండే వరకు రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం తల్లి హక్కు. 50 లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణాలయం ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావడానికి అనుమతించాలని చట్టం చెబుతోంది. ఈ సంగతి తెలియని తల్లికి మీరు తెలియజేస్తే అది కూడా సంరక్షణలో భాగమే. ఆమె వచ్చినప్పుడు కూర్చుని పాలివ్వడానికి ఒక మూల చాప, నీళ్ల చెంబు సిద్ధంగా ఉంచండి.

9.3 ఆరు నెలలు నిండని శిశువులు

మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. నీళ్లు కూడా అవసరం లేదు. తల్లిపాలలో సుమారు 87 శాతం నీరే ఉంటుంది. ఎర్రగుంట్లలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు కూడా ఇది మారదు. దప్పిక అనిపిస్తే బిడ్డ ఎక్కువసార్లు పాలు అడుగుతుంది. నీళ్లతో కడుపు నింపితే పాలు తగ్గుతాయి, నీటి ద్వారా విరేచనాలు అంటుకునే ప్రమాదం పెరుగుతుంది. తేనె, ఆముదం కలిపిన ఉగ్గు, పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్ కూడా పట్టకూడదు. తేనె ఏడాది లోపు పిల్లల్లో బోటులిజం అనే ప్రమాదకరమైన వ్యాధిని కలిగించగలదు.

పిండిన తల్లిపాలు: తల్లి ఇంటి దగ్గర చేతులు కడుక్కుని, ఉడికించి ఆరబెట్టిన మూతగల స్టీలు గిన్నెలోకి పాలు పిండి ఇవ్వవచ్చు. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీల లోపు ఉంటే ఈ పాలు 4 గంటల వరకు నిలుస్తాయి. మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ భాగం గది అంతకంటే వేడిగా ఉంటుంది. కాబట్టి ఐస్ ముక్కలున్న సంచిలో తెచ్చి, రాగానే ఫ్రిజ్‌లో లోపలి భాగంలో పెట్టాలి. తలుపు అరలో పెట్టకూడదు. ఆ రోజు తెచ్చిన పాలను ఆ రోజే వాడడం మంచిది. కరెంటు ఎక్కువసేపు పోయే రోజుల్లో ఐస్ పెట్టె తప్పనిసరి.

గిన్నెపై బిడ్డ పేరు, పిండిన సమయం రాయండి. ఒక బిడ్డ పాలు మరొక బిడ్డకు పొరపాటున కూడా పట్టకూడదు. పట్టే ముందు పాల గిన్నెను గోరువెచ్చని నీళ్ల పాత్రలో ఉంచి వెచ్చబెట్టాలి. పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో వేడి చేయకూడదు. బిడ్డ తాగి వదిలిన పాలను రెండు గంటల్లోపు వాడకపోతే పారబోయాలి. తల్లి దగ్గర లేని ప్రతి గంటకు సుమారు 30 నుంచి 45 మి.లీ. పాలు అవసరమవుతాయని అంచనా వేసుకోవచ్చు. ఒకేసారి గిన్నె నిండా తీయక, కొద్ది కొద్దిగా తీసి పడితే పాలు వృథా కావు.

దేనితో పట్టాలి? మన ఇళ్లలోని ఉగ్గుగిన్నె, చిన్న గ్లాసు, చెంచా మంచి సాధనాలు. వీటిని కడిగి ఉడికించడం తేలిక. సీసా, దాని పీక సందుల్లో పాల జిడ్డు మిగిలిపోతుంది. పైగా సీసాకు అలవాటుపడిన కొందరు పిల్లలు రాత్రి తల్లి దగ్గర పాలు పట్టుకోవడానికి ఇబ్బంది పడతారు. తల్లి దగ్గర పాలు తగ్గడానికి అదొక కారణం కాగలదు. పాలు పట్టేటప్పుడు బిడ్డను ఒడిలో నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె అంచును కింది పెదవికి ఆనించాలి. పాలను నోట్లో పోయకూడదు. బిడ్డే చప్పరించి తాగాలి.

డబ్బా పాలు: కొందరు శిశువులకు డాక్టరు సలహాతో వీటిని వాడవలసి వస్తుంది. నీళ్లను బాగా మరిగించి, అరగంటకు మించి చల్లార్చకుండా, 70 డిగ్రీలకు తగ్గని వేడిలోనే పొడి కలపాలి. పొడిలో ఉండగల సూక్ష్మజీవులు ఆ వేడికి చనిపోతాయి. తరువాత గోరువెచ్చగా చల్లార్చి పట్టాలి. కలిపిన రెండు గంటల్లోపు తాగని పాలు పారబోయాలి. డబ్బాపై చెప్పిన కొలతకు తగ్గించి పలుచగా కలిపితే బిడ్డ బరువు పెరగదు. డబ్బా ఎక్కువ రోజులు రావాలని ఎవరు అడిగినా ఇలా కలపకూడదు. శిశు పాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాలు, శిశు ఆహారాల నియంత్రణ చట్టం 1992లో వచ్చింది, 2003లో సవరించారు. ఈ ఉత్పత్తుల ప్రచారాన్ని, ఉచిత నమూనాల పంపిణీని ఇది నిషేధిస్తుంది. కంపెనీల పోస్టర్లు, బహుమతులు మీ కేంద్రంలో ఉండకూడదు.

9.4 ఆరు నెలలు దాటిన శిశువులు

ఆరో నెల నిండాక పాలు మాత్రమే సరిపోవు. అన్నప్రాశన చేసే ఆచారం ఈ వయస్సుకు దగ్గరగానే ఉంది. అయితే అన్నప్రాశన ఒక్కరోజు పండుగ, అనుబంధ ఆహారం ప్రతిరోజూ జరగవలసిన పని. తల్లిపాలను రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమాణాలు ఇవి. వీటిలో గిన్నె అంటే 250 మి.లీ. పట్టేది.

• 6 నెలలు నిండగానే: పూటకు 2–3 పెద్ద చెంచాలు, రోజుకు 2–3 సార్లు.
• 6–8 నెలలు: క్రమంగా పూటకు అర గిన్నె వరకు, రోజుకు 2–3 సార్లు. పాలు కాక ఆహారం నుంచి రోజుకు సుమారు 200 కిలో కేలరీలు.
• 9–11 నెలలు: పూటకు అర గిన్నె, రోజుకు 3–4 సార్లు, అవసరాన్నిబట్టి 1–2 చిరుతిళ్లు. సుమారు 300 కిలో కేలరీలు.
• 12–23 నెలలు: పూటకు ముప్పావు నుంచి ఒక గిన్నె, రోజుకు 3–4 సార్లు, 1–2 చిరుతిళ్లు. సుమారు 550 కిలో కేలరీలు.

ఇవి రోజు మొత్తానికి సంబంధించిన లెక్కలు. ఉదయం, రాత్రి ఇంట్లో తినేది పోగా మీ దగ్గర ఎన్ని పూటలో తల్లితో కలిసి నిర్ణయించుకోండి.

ఏం పెట్టాలి? రాయలసీమలో రాగి సులభంగా దొరుకుతుంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే పలుచని రాగి జావతో పొట్ట నిండుతుంది కానీ శక్తి చాలదు. చెంచా వంచితే ఆహారం జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. రాగులను నానబెట్టి మొలకెత్తించి, ఎండబెట్టి పిండి చేస్తే, ఉడికించినప్పుడు జావ అంత చిక్కబడదు. అందువల్ల అదే గిన్నెలో ఎక్కువ పిండి కలపవచ్చు. దానికి చెంచా నెయ్యి లేదా నూనె కలిపితే శక్తి పెరుగుతుంది. మెత్తగా మెదిపిన పప్పన్నం, ఉడికించి చిదిమిన గుమ్మడి, క్యారెట్, ఆకుకూర, అరటిపండు, పెరుగన్నం, కుటుంబం ఒప్పుకుంటే ఉడికిన గుడ్డు ఇవ్వవచ్చు. అంగన్‌వాడీ కేంద్రం నుంచి 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు బాలామృతం వస్తుంది. తల్లి దాన్ని తెచ్చి ఇస్తే వాడుకోవచ్చు.

ఏం పెట్టకూడదు? ఏడాది లోపు తేనె వద్దు. ఉప్పు, పంచదార విడిగా కలపవద్దు. టీ, కాఫీ, అందులో ముంచిన బిస్కెట్టు వద్దు. టీ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. వేరుశనగ గింజలు, శనగలు, ద్రాక్షపండ్లు పూర్తిగా ఇస్తే గొంతులో అడ్డుపడతాయి. వేరుశనగను మెత్తని పొడిగా చేసి జావలో కలపాలి.

ఒక నియమం పాటించండి. ఏ కొత్త ఆహారమైనా మొదటిసారి తల్లి ఇంట్లోనే పెట్టాలి. రెండు మూడు రోజులు ఏ ఇబ్బందీ లేదని తెలిసిన తరువాతే మీరు పెట్టాలి.

9.5 ఆకలిని, తృప్తిని గుర్తించడం

ఏడుపు ఆకలికి చివరి సూచన. అంతకు ముందే బిడ్డ పెదవులు చప్పరిస్తుంది, చేతిని నోట్లో పెట్టుకుంటుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది. ఈ దశలోనే పాలు పడితే ప్రశాంతంగా తాగుతుంది. చాలనుకున్నప్పుడు మూతి తిప్పుకుంటుంది, నోరు బిగిస్తుంది, చెంచాను తోస్తుంది. అప్పుడు ఆపాలి. ముక్కు మూసి, కాళ్ల మీద పడుకోబెట్టి బలవంతంగా పట్టడం వల్ల ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నలుగురు పిల్లలున్నచోట అందరికీ ఒకే గిన్నెతో, ఒకే చెంచాతో వరుసగా పెట్టడం కూడా తప్పు. ఎవరి గిన్నె వారిదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) ప్రసవానికి ముందు 8 వారాల సెలవు వాడుకున్న తల్లి పనిలో చేరేనాటికి బిడ్డ వయస్సు ఎంత?
ఆ) డబ్బా పాల పొడిని కలిపే నీరు ఎంత వేడి ఉండాలి? ఎందుకు?

9.6 తల్లిదండ్రులతో వ్యవహరించే తీరు

ఒక ఊహాత్మక సంఘటనను పరిశీలించండి. పది నెలల బాబు మధ్యాహ్నం పప్పన్నం ముట్టలేదు. ఏడుపు ఆపడానికి సంరక్షకురాలు టీలో ముంచిన బిస్కెట్లు నాలుగు పెట్టింది. సాయంత్రం తల్లి అడిగితే, బాధపడుతుందని, "బాగా తిన్నాడమ్మా" అంది. రాత్రి బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిన ప్రశ్న: "పొద్దుటి నుంచి ఏం తిన్నాడు?" తల్లి చెప్పిన జవాబు తప్పు. అది తప్పని ఆమెకు తెలియదు. విరేచనాలకు బిస్కెట్లు కారణం కాకపోవచ్చు. కానీ తల్లి నోట డాక్టరుకు తప్పు సమాచారం అందింది. తరువాత నిజం తెలిస్తే ఆ తల్లి సంరక్షకురాలి మాట ఏదీ నమ్మదు. తల్లిని బాధపెట్టకూడదనే మంచి మనసుతో చెప్పిన అబద్ధమే ఇక్కడ నష్టం చేసింది.

9.6.1 రోజువారీ ఆహార పుస్తకం

ప్రతి బిడ్డకు ఒక నోటుపుస్తకం పెట్టండి. సమయం, ఇచ్చిన ఆహారం, తిన్న పరిమాణం, మూత్రం, విరేచనం, నిద్ర అని గడులు గీయండి. పెట్టిన వెంటనే రాయండి, సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాయవద్దు. "సరిగా తినలేదు" అని తీర్పు రాయక, "మధ్యాహ్నం 12.30కి పప్పన్నం రెండు చెంచాలు తిని మూతి తిప్పింది" అని జరిగింది రాయండి. చదువు రాని తల్లికి చదివి వినిపించండి. ఉదయం తల్లి కూడా రాత్రి సంగతి చెప్పాలి. రాత్రి జ్వరం వచ్చిందా, పొద్దున ఎన్నింటికి పాలు తాగింది అన్నవి తెలియకుండా మీ రోజు మొదలు కాకూడదు.

9.6.2 భేదాభిప్రాయాలు – మూడు వర్గాలు

తల్లిదండ్రుల కోరికలను మూడు రకాలుగా విడదీసి చూస్తే తగాదా తగ్గుతుంది.

మొదటిది, వారి ఇష్టానికి వదలవలసినవి. గుడ్డు పెట్టాలా వద్దా, రాగి ముందా అన్నం ముందా, ఏ రోజు ఏ ఆచారం వంటివి. వీటిలో మీ అలవాటును రుద్దకూడదు.

రెండోది, మాట్లాడుకుని తేల్చుకోవలసినవి. సీసానా గిన్నెనా, ఎన్ని పూటలు, తినకపోతే ఎంతసేపు ప్రయత్నించాలి వంటివి. కారణం చెప్పి, వారం రోజులు చూసి మళ్లీ మాట్లాడుకోవచ్చు.

మూడోది, ఎవరు అడిగినా ఒప్పుకోకూడనివి. పాలు పలుచగా కలపడం, ఏడాది లోపు తేనె, బలవంతంగా తినిపించడం, నిద్రపోవడానికి మందు వేయడం, డాక్టరు చీటీ లేని మందు వేయడం వంటివి. వీటిని చేర్చుకునే రోజునే చెప్పాలి. తరువాత చెబితే అది ఎదురు మాటగా వినిపిస్తుంది.

9.6.3 మాట్లాడే తీరు

వేసవిలో ఐదు నెలల పాప తల్లికి, సంరక్షకురాలికి మధ్య జరిగే సంభాషణ ఇలా ఉండవచ్చు.

"అక్కా, ఈ ఎండలకు పాప నోరు ఎండిపోతాదని మా అత్త ఒకటే పోరు. మధ్యలో రెండు చెంచాల నీళ్లు పట్టు అక్కా."

"నీ పాలల్లోనే నీళ్లు ఉండాయి కదమ్మా. ఈ పొద్దు పాప ఇక్కడే ఐదుసార్లు ఒంటికి పోసింది, పుస్తకంలో రాసినా చూడు. నీళ్లు తక్కువైతే అన్నిసార్లు పోయదు. రేపటి నుంచి పాలు ఇంకొంచెం ఎక్కువ తీసుకురా, ఒకసారి ఎక్కువ పడతా. అత్తమ్మను కూడా ఒకపూట రమ్మను, కూర్చొని మాట్లాడుకుందాం."

ఈ జవాబును గమనించండి. అత్తను తప్పుపట్టలేదు. పుస్తకంలోని లెక్క చూపించింది. నీళ్ల బదులు ఏం చేయవచ్చో చెప్పింది. ఇంట్లో నిర్ణయం చేసే పెద్దామెను కలుపుకుంది. 24 గంటల్లో ఆరుసార్లు లేదా ఎక్కువ మూత్రం పోస్తే పాలు సరిపోతున్నాయని సాధారణంగా భావించవచ్చు.

చెడ్డ వార్తను తలుపు దగ్గర, పదిమందిలో చెప్పవద్దు. "పక్క బాబు గిన్నెడు తింటాడు, మీ బాబే తినడు" అని పోల్చవద్దు. ఒక ఇంటి సంగతి మరొక ఇంటికి చేరవేయవద్దు. బిడ్డను వదిలి పనికి వెళ్లే తల్లి మనసులో అప్పటికే గుబులు ఉంటుంది. "నువ్వు పోగానే ఒకటే ఏడుపు" అంటే ఆమె రోజంతా పనిలో నిలవలేదు. "పది నిమిషాలు ఏడ్చి, బొమ్మ చూసి ఊరుకుంది" అన్నది కూడా నిజమే. నిజాన్ని పూర్తిగా చెప్పండి. తండ్రి తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు కూడా అదే వివరంగా చెప్పండి. ఆహారం తల్లి ఒక్కదాని బాధ్యత కాదు.

పొరపాటు మీ వల్ల జరిగితే, పాలు తారుమారైనా, వేళ తప్పినా, ఆ రోజే మీరే ముందుగా చెప్పండి.

9.7 అనారోగ్యం, అత్యవసర పరిస్థితి

విరేచనాలు మొదలైతే తల్లికి వెంటనే ఫోన్ చేయాలి. తల్లిపాలు ఆపకూడదు. డాక్టరు లేదా ఆరోగ్య కార్యకర్త సలహాతో ఓఆర్‌ఎస్ పట్టాలి, 14 రోజులు జింకు ఇవ్వాలి. కళ్లు గుంటలు పడడం, మూత్రం ఆగిపోవడం, మలంలో రక్తం, పాలు ముట్టకపోవడం, మగతగా ఉండడం, ఫిట్స్ ప్రమాద సూచనలు. తల్లి వచ్చే వరకు ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

గొంతులో ఏదైనా అడ్డుపడి, ఏడాది లోపు బిడ్డ ఏడవలేక, దగ్గలేక ఉంటే, బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందుగా ఉంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు తట్టాలి. బయటకు రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముకపై 5 సార్లు నొక్కాలి. వస్తువు బయటపడే వరకు ఇలా మార్చి మార్చి చేయాలి. నోట్లో వేలు పెట్టి గుడ్డిగా వెతకకూడదు. చదివితే మాత్రమే ఇది రాదు. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సును అడిగి బొమ్మ మీద చేసి నేర్చుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) తల్లిదండ్రుల కోరికలను ఏ మూడు వర్గాలుగా విభజించవచ్చు?
ఆ) కొత్త ఆహారాన్ని మొదటిసారి ఎక్కడ పెట్టాలి?

9.8 సారాంశం

గృహ సంరక్షణ కేంద్రానికి వచ్చే శిశువు ఆహార పరంగా అత్యంత సున్నితమైన వయస్సులో ఉంటుంది. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు, డాక్టరు చెబితే సరైన కొలతలో డబ్బా పాలు ఇవ్వాలి. ఆ తరువాత చిక్కని, మెత్తని, స్థానికంగా దొరికే ఆహారాన్ని వయస్సుకు తగిన పరిమాణంలో, బిడ్డ సూచనలను గమనిస్తూ పెట్టాలి. చేర్చుకునే ముందే వివరాలు రాసుకోవడం, రోజువారీ పుస్తకం, ఉన్నది ఉన్నట్లు చెప్పడం తల్లిదండ్రుల నమ్మకానికి పునాదులు. ఆ నమ్మకం ఉన్నచోట బిడ్డకు ఒంట్లో బాగాలేని రోజున సరైన నిర్ణయం త్వరగా జరుగుతుంది.

9.9 ముఖ్య పదాలు

అనుబంధ ఆహారం: ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు ఇచ్చే ఆహారం.
పిండిన పాలు: తల్లి చేతితో గానీ పరికరంతో గానీ తీసి నిల్వ చేసిన తల్లిపాలు.
ఉగ్గుగిన్నె: పసిపిల్లలకు పాలు పట్టే చిన్న మూతిగల గిన్నె.

మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. అ) 18 వారాలు. ఆ) 70 డిగ్రీలకు తగ్గకూడదు, పొడిలో ఉండగల సూక్ష్మజీవులు చనిపోవడానికి.
2. అ) వారి ఇష్టానికి వదలవలసినవి, మాట్లాడుకుని తేల్చుకోవలసినవి, ఒప్పుకోకూడనివి. ఆ) తల్లిదండ్రుల ఇంట్లో.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వేసవిలో పిండిన తల్లిపాలను నిల్వ చేసి పట్టే పద్ధతిని వివరించండి.
2. శిశువు ఆహారం విషయంలో సంరక్షకురాలికి, తల్లిదండ్రులకు మధ్య నమ్మకం ఎలా ఏర్పడుతుందో మీ ప్రాంతపు ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పలుచని రాగి జావ శిశువుకు ఎందుకు చాలదు?
2. ఆకలి, తృప్తి సూచనలను తెలపండి.

III. అభ్యాసకృత్యం: మీ ఊరిలో పసిబిడ్డను ఇతరుల దగ్గర వదిలి పనికి వెళ్లే ఒక తల్లితో మాట్లాడండి. పగలు బిడ్డ ఏం తింటుందో ఆమెకు ఎలా తెలుస్తుందో అడిగి, పేర్లు రాయకుండా ఒక పేజీ నివేదిక తయారు చేయండి.